అత్త చేనులో ఎత్తు

గద్వాలలో ఆ రెవెన్యూ ఆఫీసు గదిలో బల్ల చిన్నది, పటం పెద్దది. అంచులు కిందికి జారుతుంటే గుమస్తా ఒక మూల మీద పంచింగ్ మిషన్ పెట్టాడు, ఇంకో మూల మీద తన టిఫిన్ డబ్బా పెట్టాడు. మిగిలిన రెండు మూలలు నేనూ బావా పట్టుకున్నాం. ఎప్పటిదో పాత సర్వే పటానికి తీసిన నకలు అది. మా ఊరు నాలుగు చుక్కలు, దారి ఒక గీత. ఊరికి తూర్పున సన్నని వంకర గీతలు ఒకదాని లోపల ఒకటి చుట్టుకుని ఉన్నాయి. వాటి నడుమ చిన్న గుడి గుర్తు, దాని పక్కన ఒక అంకె.

"ఇగో, ఇది మా అమ్మ చేను," అన్నాడు బావ ఆ గుడి మీద వేలు పెట్టి. "గుడి ఎవరు పెట్టిండ్రు ఈడ?"

బల్లకు అవతలి పక్క కూర్చున్న కుర్రాడు మా పెదనాయన మనుమడు. మిట్టమ్మ గుడి కమిటీలో ముఖ్యుడు. "ఎవరో పెట్టుడేంది మామా," అన్నాడు మెల్లగా. "సర్కారోళ్లు రాసుకున్నరు. అప్పటికే గుడి ఉన్నది. గుడి ఉంటే గుడి మాన్యం ఉంటది."

అధికారి ముందు వాళ్లు పెట్టిన అర్జీ అదే. మిట్ట మీది నాలుగెకరాలూ అమ్మవారివని. బావ పేరు మీద కాగితాలున్నాయి. వాటికి ముందు ఏముందని అడిగితే ఏమీ లేదు. ఆ చేను మా అత్తకు, బావ తల్లికి, నోటిమాట మీద వచ్చింది.

"నువ్వు అప్పుడు ఊళ్లనే ఉంటివి గదా మరదలా," అన్నాడు బావ. "చెప్పు."

పేపర్లో విలేకరిగా ఉన్నన్నాళ్లూ ఎవరేం చెప్పినా ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పుట్టించారు అని అడగడమే నా అలవాటు. ఆ గుడి గుర్తు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నేను ఎవరినీ అడగనక్కరలేదు. అది పుట్టినప్పుడు నాకు పదేళ్లు.

*

ఇప్పుడు చెబితే మా వైపు పిల్లలు నమ్మరు గానీ, అప్పుడు మా నల్లరేగడిలో గోధుమ పండేది. నీళ్లు పెట్టి కాదు. రెండు నదుల నడుమ ఉంటామన్న మాటేగానీ మా చేలకు ఏ నదీ అందేది కాదు. వానలు వెనకపట్టాక గొర్రుతో విత్తితే, లోపలి తేమతో, మీది మంచుతో పండేది. పొద్దున్నే చేలోకి పోతే పరికిణి మోకాళ్ల దాకా తడిసేది. కంకులకు పొడుగు మీసాలు. అవి బట్టల్లో దూరితే మూడు ఉతుకులైనా పోయేవి కావు. మేం తినేది జొన్నరొట్టె. గోధుమ సంతకు పోయేది. పండగకు మాత్రం కొన్ని దంచి, బెల్లం వేసి హుగ్గి వండేవాళ్లు. రాయచూరు వైపు నుంచి వచ్చిన వంట అది, పేరు కూడా అక్కడిదే. అవ్వ వండితే గిన్నె అడుగున మాడిన పొర కోసం నేను కూచుని ఉండేదాన్ని.

గింజ పాలుపోసుకుని గట్టిపడే రోజుల్లో పచ్చి కంకులు పీకి, కంపమంటలో తిప్పి, అరచేతుల్లో నలిపి ఉఫ్ మని ఊదితే పొట్టు పోయి ఆకుపచ్చ గింజలు మిగిలేవి. వేడివేడిగా, కాస్త పొగ వాసనతో. పెదనాయన చేను నుంచి పీకి అత్త చేనులో కాల్చుకునేదాన్ని. దొంగతనం ఒకచోట, బూడిద ఒకచోట ఉండాలని నాకు ఎవరూ నేర్పలేదు.

అత్త మా నాయన చెల్లెలు. పెళ్లయిన అయిదేళ్లకే మొగుడు పోతే కొడుకును చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. మా తాత పోయేముందు నలుగురిని పిలిచి, మిట్ట మీది చేను బిడ్డకు పసుపుకుంకుమ కింద ఇస్తున్నానన్నాడు. ఆడబిడ్డకు ఇచ్చే చేనుకు మా వైపు ఆ మాటే. కాగితం ఉండదు. పసుపుకుంకుమ కింద ఇచ్చింది వెనక్కి తీసుకోవద్దనే భయమే కాగితం. మా నాయన ఆ మాటకు కట్టుబడ్డాడు. పెదనాయన నోటితో కాదనలేదు. కానీ అత్త చేను పక్కనుంచి పోయినప్పుడల్లా ఆగి, గట్టు మీద నిలబడి, దాన్ని కళ్లతో కొలిచేవాడు.

"మీ అన్న ఏం జూస్తుండు?" అని నేను రెచ్చగొడితే, "గడ్డి జూస్తుండు. గడ్డి తినేటోడు గడ్డే జూస్తడు," అనేది అత్త కొడవలి ఆపకుండా. బావ అప్పుడు గద్వాలలో హాస్టల్లో ఉండి చదివేవాడు. అందుకే అత్తకు చేలో తోడు నేనే.

*

ఆ చలికాలమే సర్వేవాళ్లు దిగారు. ఒక జీపు, రెండు గుడారాలు, ఆరుగురు మనుషులు. ఘణపురం కోట మీద జెండా పాతి, అక్కడి నుంచి చూసుకుంటూ మా వైపు వచ్చారని ఎవరో చెప్పారు. మూడుకాళ్ల బల్ల, దాని మీద తెల్ల గొడుగు, కింద మనిషి ఎండలో నిలబడి కాగితం మీద పెన్సిల్‌తో గీస్తుంటాడు. ఇంకొకడు ఎర్రగా తెల్లగా అంకెలు వేసిన పొడుగు కర్ర పట్టుకుని చేలల్లో నిలబడతాడు. పెద్ద సారు కోస్తా మనిషి. మాటకు ముందు "అండి", మాటకు వెనక "అండి".

మా ఊరికి కొలిచేవాళ్లంటే కొత్త కాదు. శిస్తుకు కొలిచారు, తగాదాకు కొలిచారు. అయితే వీళ్లు ఎవరి చేనూ కొలవడం లేదు. గుట్ట కొలుస్తున్నారు, వాగు కొలుస్తున్నారు, ఊరి బాయి దగ్గర కూచుని దాన్నే చూస్తున్నారు. అదే జనానికి మింగుడుపడలేదు.

సాయంత్రం మా అరుగు మీద కూచుని పెద్దవాళ్లు తలా ఒకటి చెప్పేవాళ్లు. కృష్ణకు అడ్డం కట్ట కడతారని ఒకరు. విమానాలు దిగే జాగా వెతుకుతున్నారని ఒకరు.

"గుట్ట ఎంత ఎత్తున్నదని అడిగిండు నన్ను," అన్నాడు మా ఇంటి ఎదుటి ముసలాయన. "ఎత్తు తెల్సుకొని ఏం జేస్తవు సారూ, దానికి పిల్లనిస్తవా అన్న."

"నవ్వు ఇప్పుడు," అన్నాడు పెదనాయన. "కొలిసినోడు ఊకనే పోడు. ఏదడిగినా తెల్వదనుండ్రి."

ఊరంతా అదే మాట పట్టుకుంది. బాయిలో నీళ్లు ఎంత లోతంటే తెల్వదు. ఈ దారి ఎక్కడికి పోతుందంటే తెల్వదు. ఎదుటి ముసలాయనకు మాత్రం తెల్వదనడం చాతకాదు. వాగు పేరేమిటని అడిగితే తన వియ్యంకుని పేరు చెప్పాడు. "ఎండకాలం సుక్క రాలదు, వానకాలం జెప్పకుండ మీద పడ్తది. వాని పేరే సరిపోయింది," అని అరుగు మీద చెప్పుకుని నవ్వాడు. ఆ వియ్యంకుడు చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. మొన్న రోడ్డు మీద వంతెన దగ్గర నీలం బోర్డు చూశాను. వాగు పేరు ఆయనదే.

*

ఒకరోజు పొద్దున సర్వేవాళ్లు అత్త చేలోకి వచ్చారు. నేనూ అత్తా తప్ప చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ చేను నడుమ, మిట్ట నెత్తిన, మోకాలెత్తు రాతిగుండు ఒకటి భూమిలో పాతుకుని ఉండేది. దున్నేటప్పుడు నాగలి దాన్ని చుట్టి పోవాల్సిందే. తాత ముత్తాతలు దాన్ని తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టి ఉండరు.

సారు ఆ గుండును చుట్టూ తిరిగి చూసి సంతోషపడ్డాడు. ఆయన మనిషి ఒకడు ఉలి తీసి గుండు నెత్తిన మూడు గీతలు కొట్టాడు. మూడూ ఒకచోట కలిసేట్టు, తేమ నేలలో కోడి అడుగు పడ్డట్టు. చుట్టూ సున్నం పూశాడు. వాళ్ల కాళ్ల కింద మూడు సాళ్ల గోధుమ నలిగింది.

"కండ్లు నెత్తికెక్కినయా," అని అత్త వాడి మీదికి పోయింది. "అన్నం మీద కాలు పెడ్తరా మీ ఊర్ల?"

సారు అడ్డం వచ్చాడు. "తప్పయిందండి. ఈ రాయిని మాత్రం కదపకండి. ఇక్కడే మేం ఎత్తు తీసుకుంటాం."

అత్త మొహం మారింది. "ఏం దీస్కుంటరు?"

"ఎత్తు అమ్మా. ఈ చోటు ఎత్తు."

మా మాటలో ఎత్తుడంటే ఉన్నదాన్ని అక్కడి నుంచి లేపి పారేయడం. ఊరు ఎత్తుతరంటే ఊరు ఖాళీ చేయిస్తారని. గుడారం ఎత్తుతారు, కల్లం ఎత్తుతారు, చివరికి మనిషిని పాడె మీద ఎత్తుతారు. ఈ చోటు ఎత్తు తీసుకుంటామని పెన్సిల్ పట్టుకున్న మనిషి నిమ్మళంగా చెబితే అత్తకు ఏమర్థం కావాలో అదే అయింది.

"నా చేను రాసుకున్నవా కాయితంల?" అని అడిగింది.

"ఎవరి చేను ఎవరిదో మేం రాయమమ్మా. అది మా పని కాదండి. గుట్టలు, వాగులు, బావులు, దారులు, గుళ్లు. ఇవే రాస్తాం."

ఆమెను ఓదార్చాలనే ఆయన ఆ మాట అన్నాడు. వాళ్లు పోయాక అత్త గుండు పక్కనే కూలబడింది. నలిగిన మొక్కలు ఒక్కొక్కటే నిలబెట్టి చూస్తూ నాతోనో తనతోనో అంది.

"బాయి రాస్తడంట. దారి రాస్తడంట. గుడి రాస్తడంట. నా చేను రాయడంట. రాసింది ఉంటది, రాయంది ఎత్తుతరు. నోటిమాట చేను, ఎవడు అడ్డమొస్తడు? మీ పెదనాయన అయితే జీపుకు ఎదురుపోయి పట్టిస్తడు."

*

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళ, సర్వేవాళ్లు గుడారంలో తిండికి కూచున్నప్పుడు, అత్త నన్ను చేలోకి తీసుకుపోయింది. కొంగు కింద చిన్న గిన్నె. అందులో తడిపిన పసుపు. కాగితం పొట్లంలో కుంకుమ. ఆకు దొప్పలో ఇంత హుగ్గి, ఆ వాసన నాకు ఇంటి దగ్గర నుంచే తెలుస్తూ ఉంది.

"నా చెయ్యి పసుపుకుంకుమకు పనికిరాదంటరు," అంది. "నువ్వు పుయ్యి బిడ్డా."

సున్నం మీద పసుపు పూశాను. గుండు నెత్తిన ఉలి గీతల్లో పసుపు ఎక్కువ పట్టింది, వేలితో నొక్కి నింపాను. గీతలు మాయమయ్యాయి. మీద అయిదు కుంకుమ బొట్లు పెట్టాను. అత్త వేపమండ గుచ్చింది, పాత గాజు ఒకటి పెట్టింది. హుగ్గి రాతి ముందు పెట్టి నాలుగు మెతుకులు వదిలి, మిగిలింది నాకే ఇచ్చింది.

"ఏం పేరు పెడదాం?" అన్నాను నోట్లో హుగ్గితో.

"మిట్ట మీదున్నది. మిట్టమ్మ." గిన్నె మళ్లీ కొంగు కింద దాచుకుంటూ, "ఎవరికన్న చెప్పినవనుకో, పెదనాయన చేన్ల కంకులు పీకేది ఎవరో నేను చెప్త," అంది.

మొదట చూసింది గొర్లు కాసే ఒకాయన. చెప్పులు విడిచి మొక్కి, పోయి ఊళ్లో చెప్పాడు. సర్వేవాళ్లు వచ్చాక అమ్మవారు బయటపడ్డది, ఊరికి ఏదో ఉన్నది అని జనం అనుకున్నారు. మూడు రోజుల్లో ఆడవాళ్లు కొబ్బరికాయలు తెచ్చారు. మా అవ్వ కూడా వచ్చి, అన్నేళ్లు తను తిట్టిన గుండు ముందు చెంపలేసుకుంది.

పెదనాయన నాలుగో రోజు వచ్చాడు. వంగి రాయిని వాసన చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని మూడుసార్లు చుట్టూ తిరిగాడు. మొక్కుతున్నాడో వెతుకుతున్నాడో తెలియలేదు.

"ఎవరింటి పసుపు చెల్లే ఇది?" అన్నాడు.

"పసుపుకు ఇంటిపేరుంటదా అన్నా," అంది అత్త.

ఆయన గట్టు దిగి పోయాడు. ఆ వారమే ఆయన ఎద్దు మేత ముట్టక పడుకుంది. రెండో రోజు పెదనాయనే వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. కొడుతూ కూడా అత్త మొహమే చూస్తున్నాడు.

రోజూ మధ్యాహ్నం పసుపు పూసే పని నాదే అయింది. సారు మళ్లీ వచ్చిన రోజు కూడా అప్పుడే పూసి లేచాను. ఆయన దూరంలోనే ఆగాడు. రాయిని చూశాడు, అత్తను చూశాడు.

"ఇది గుడా అమ్మా?"

"గుడే."

"ఎప్పటి నుంచి?"

"మా అవ్వల నాటి నుంచి."

"మరి ఉలి పెడుతుంటే ఎందుకు చెప్పలేదు?"

అత్త వంగి వేపమండ సరిచేసింది. ఆయన నా వైపు తిరిగాడు. "పాపా, నువ్వు చెప్పు. ఈ రాయికి ముందు నుంచీ పూజ చేస్తారా?"

"చేస్తరు," అన్నాను. "మా అవ్వ గూడ మొక్కుతది."

ఆయన చూపు నా మొహం మీద నుంచి కిందికి దిగింది. నా చేతులు మణికట్టు దాకా పచ్చగా, తడిగా ఉన్నాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. బూట్లు విడిచి రెండడుగులు ముందుకు వచ్చి దండం పెట్టి, బల్ల దగ్గరికి పోయి పెన్సిల్ చెక్కుకున్నాడు.

"మంచిదే," అన్నాడు గీస్తూ. "ఇక దీన్ని ఎవరూ కదపరు."

తర్వాత తెలిసింది, వేరే ఊళ్లల్లో వాళ్లు గుర్తులు కొట్టిన రాళ్లను జనం పీకి పారేశారని. అత్త తన ఎత్తు పారిందనుకుంది. ఆయన తన రాయి దక్కిందనుకున్నాడేమో. నా వేళ్లు చూసి కూడా ఎందుకు ఊరుకున్నాడో ఇప్పటికీ నాకు రూఢిగా తెలియదు.

*

వాళ్లు గుడారాలు ఎత్తుకుని పోయారు. ఎవరూ ఏ చేనూ ఎత్తలేదు. గోధుమ కోతకొచ్చింది, కల్లం ఎత్తారు. తర్వాత చాలా ఏళ్లకు కాలువ వచ్చింది. నీళ్లు రాగానే గోధుమను జనం మరిచిపోయారు. వరి వచ్చింది, విత్తనాల కోసం వేసే సీడుపత్తి వచ్చింది. మిట్టమ్మకు ముందు రేకుల పందిరి వచ్చింది, తర్వాత సిమెంటు గది, రంగుల తోరణం, ఏడాదికోసారి జాతర.

అత్త ముసలిదయ్యాక ఒకసారి అడిగాను. ప్రతి పంటకూ మొదటి దోసిలి ఆ రాయి ముందే ఎందుకు పోస్తావని. "నువ్వే గదా చేసినవు దాన్ని."

"చేసింది నువ్వు," అంది. "నేను జూసుకుంట నిలబడ్డ. అంతే."

కొడుక్కు కూడా చెప్పకుండానే పోయింది.

*

ఆఫీసులో అదంతా చెప్పాను. గుమస్తా రాసుకోవడం ఆపేసి విన్నాడు. కమిటీ కుర్రాడు నేలచూపులు చూస్తూ, "అత్తా, పదేండ్లప్పటిది ఇంత బాగ యాదికున్నదా," అన్నాడు. ఆ అన్న తీరు వాళ్ల తాతదే.

"గుడి పక్కన అంకె ఎందుకుందో చూడండి," అన్నాను అధికారితో. "అది ఎత్తు. ఆ రాయి మీద సర్వే గుర్తు ఉంది. పసుపు కింద."

ఆయన అదే రోజు జీపు తీశాడు. గుడి ముందు ముప్పై మంది దాకా చేరారు. గీకమంటే ఎవరూ ముందుకు రాలేదు. పూసిన చెయ్యే గీకాలి కాబోలు అనుకుని నేనే వంగాను. పసుపు, నూనె, కుంకుమ ఏళ్లకేళ్లు పేరుకుని బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. గోటితో రాకపోతే తాళంచెవితో గీకాను. కొంతసేపటికి ఒక గీత తగిలింది. తర్వాత రెండోది, మూడోది.

వెనక నుంచి ఒక ఆడమనిషి, "శూలం," అంది. అందరూ ముందుకు వంగారు. మూడు గీతలు, ఒకచోట కలిసి. అమ్మవారి శూలం. చేతులు జోడించారు. బావ మాత్రం చేతులు జోడించకుండా ఆ గీతలను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను చూశాడు.

అధికారి తెలివైనవాడే. "శూలమో సర్వే గుర్తో మా సర్వేయర్ చెప్తడు," అన్నాడు. "పొద్దున పంపిస్త. ఫొటో తీస్కుంటడు. సర్వే గుర్తే అయితే ఈ అర్జీ నిలబడదు. ఎవరూ దాన్ని ముట్టొద్దు."

ఆ రాత్రి బావ ఇంట్లోనే ఉన్నాను. తింటూ, "నిజంగ నువ్వేనా పూసింది?" అన్నాడు.

"నేనే."

"అమ్మ నాకు ఒక్కనాడు చెప్పలే." రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. "మా పెద్దోనికి జరం ముదిరి దవాఖానల పడితే దానికే మొక్కిన. బోరుల నీళ్లు పడితే దానికే మొక్కిన." ఊరివాళ్లు ఆనాడు మూడుకాళ్ల బల్ల దగ్గరి మనిషిని ఎట్లా చూశారో, బావ నన్ను అట్లా చూశాడు. ఏం కొలుచుకోవడానికి వచ్చావు నువ్వు, అన్నట్టు.

తెల్లారి సర్వేయర్ వచ్చాడు. పాతికేళ్ల పిల్లవాడు, చేతిలో ఫోను. మేం వెళ్లేసరికి గుడి తలుపు తీసే ఉంది. నేను గీకిన చోట కొత్త పసుపు, మందంగా, ఇంకా తడి ఆరలేదు. కమిటీ కుర్రాడు కూడా దాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం నటన కాదు. ఆమాత్రం నాకు తెలుసు.

బావ ఫ్లాస్కులోంచి టీ వంచి నాకు గ్లాసు అందించాడు. బావ గోళ్ల సందున, వేళ్ల మడతల్లో పసుపు.

"మేడం, నిన్న మీరేదో గుర్తు చూపించిన్రంట," అన్నాడు సర్వేయర్. "ఏడున్నది?"

ఆ గీతలే బావ చేనుకు మిగిలిన సాక్ష్యం. తాళంచెవి నా సంచిలోనే ఉంది. నేను టీ తాగాను. అందులో కూడా పసుపు వాసన వచ్చింది.

"నిన్న ఎండల సరిగ కనబడలే సార్," అన్నాను. "నాకు కండ్లు తక్కువ."

ఆ పిల్లవాడు నన్నొకసారి, రాయినొకసారి చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. బావ మెల్లగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.